గోబీ దాకా వెళ్ళొచ్చిన డబ్బా

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో చిన్న రైలెక్కి దిగడం మరిచిపోయినా కొంప మునగదు. పేటంతా ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఎక్కిన చోటే దింపుతుంది. శ్యామలాదేవికి ఆ రైలంటే మహా చులకన. "గానుగెద్దుకి పెట్టెలు తగిలించినట్టుంది. రైలంటే ఒక ఊళ్ళో ఎక్కి ఇంకో ఊళ్ళో దిగాలండీ. మధ్యలో ఆకలెయ్యాలి, కునుకు పట్టాలి, ఎదుటి సీటు వాళ్ళ ఇంటి గుట్టంతా మనకి తెలిసిపోవాలి" అనేది భర్తతో.

ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. తండ్రి వెంకటసుబ్బయ్యగారు తెనాలి జంక్షన్‌లో గార్డు. పుట్టిన దగ్గర్నుంచీ రైలు కూత వింటూ పెరిగి, పెళ్ళయ్యాక కేశవరావు వెంట సింగపూర్ వచ్చి పడింది. ఆయన జురాంగ్‌లో ఓడల యార్డులో ఇంజనీరు. ఈవిడ చోవా చూ కాంగ్‌లో ఒక పసిపిల్లల బడిలో, టీచరుకీ ఆయాకీ మధ్య రకం ఉద్యోగం చాలా ఏళ్ళు చేసింది. చైనా పిల్లలు, మలయ్ పిల్లలు, తమిళ పిల్లలు అందరూ ఆవిడకి ఒకటే. మూతి బిగించుకుని కూర్చున్న ఎంత మొండి పిల్లకైనా రెండు మాటలతో నోరు తెరిపించి నాలుగు ముద్దలు పెట్టేసేది. ఎవరూ ఆకలితో ఉండకూడదన్నదే ఆవిడ మతం. మిగతా మతాల సంగతి కేశవరావు చూసుకునేవాడు.

రిటైరయ్యాక ఆయనకి బౌద్ధం పట్టుకుంది. ఆయనది భట్టిప్రోలు. అక్కడి పాత స్తూపం దిబ్బ మీద చిన్నప్పుడు గోలీలాడాడు. అంతకు మించి ఆయనకీ బుద్ధుడికీ బాంధవ్యం లేదు. అయినా ఎక్కడ స్తూపం కనిపించినా "మా భట్టిప్రోలుది దీనికి తాత" అని మొదలుపెడతాడు. అలాంటాయన ఒక రోజు టీ తాగుతూ కబురు చెప్పాడు. సింగపూర్ తెలుగువాళ్ళు కొందరు కలిసి మంగోలియా వెళ్తున్నారట. ఉలాన్‌బాటర్ నుంచి గోబీ ఎడారిలోకి రైలుందట. ఆ చివర ఒక బౌద్ధారామం, ఒంటెల్ని మేపుకుంటూ తిరిగే వాళ్ళ ఇళ్ళు చూపిస్తారట.

"రైలు ఎంత సేపు?"

"పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా."

"అయితే మన పేర్లు ఇచ్చెయ్యండి" అంది శ్యామలాదేవి. బుద్ధుణ్ణి గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

రైల్లో ఎదుటి బెర్తుల మీద ఎవరుంటారో మాత్రం కేశవరావు చెప్పలేదు. చెబితే ఆవిడ రాదని ఆయనకి తెలుసు.

ఉలాన్‌బాటర్ స్టేషన్లో రైలెక్కి, నలుగురు పట్టే ఆ చిన్న గది తలుపు పక్కకి తోసేసరికి కిటికీ దగ్గర హాజరా కూర్చుని ఉంది. పక్కనే ఆమె భర్త అబ్దుల్ ఖాదిర్. కేశవరావుతో పాటు యార్డులో పని చేసి, ఆయనతో పాటే రిటైరైన మనిషి. ముందు రోజు విమానంలో వచ్చి వేరే హోటల్లో దిగారట. "రండి భాభీ, రండి" అని గబుక్కున లేచాడు. దొంగ దొరికినట్టున్న ఆ మొహం చూడగానే శ్యామలాదేవికి సంగతంతా అర్థమైంది. రెండేళ్ళుగా ఆడవాళ్ళిద్దరికీ మాటల్లేవు. మగవాళ్ళు మాత్రం గురువారం గురువారం హాకర్ సెంటర్లో, ఆ తిండి దుకాణాల మధ్య కూర్చుని, టీ తాగుతూనే ఉన్నారు. ఈ కుట్ర అక్కడ పన్నిందే.

"బాగున్నారా?" అంది హాజరా.

బాగున్నారా! పాతికేళ్ళు "ఏమే శ్యామలా, ఏం వండినవ్?" అంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసిన మనిషి. ఆ గౌరవం శ్యామలాదేవికి చెంపదెబ్బలా తగిలింది. "బాగానే ఉన్నామండీ" అని తనూ అంతకంత అప్పజెప్పి కూర్చుంది.

చోవా చూ కాంగ్‌లో వాళ్ళవి ఒకే బ్లాకు, హాజరావాళ్ళు ఒక అంతస్తు కింద. రెండిళ్ళ మధ్యా ఒక స్టీలు డబ్బా తిరుగుతూ ఉండేది. హాజరా హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నది, మూత మీద ఉర్దూలో ఆమె పేరు కొట్టించి ఉంటుంది. రంజాన్‌కి షీర్ ఖుర్మాతో పైకి వచ్చేది, ఉగాదికి బొబ్బట్లతో కిందికి దిగేది. ఒకరి గిన్నె ఉత్తది తిరిగి ఇవ్వకూడదని ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ అమ్మలు చెప్పి పెంచారు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపాలి. ఆ డబ్బా ఏనాడూ ఖాళీగా ఆ మెట్లు ఎక్కలేదు, దిగలేదు.

శ్యామలాదేవి అత్తగారు లీలావతమ్మకి హాజరా అంటే ప్రాణం. ఏటా ఆవకాయ పెట్టగానే మొదటి ముద్ద హాజరాకే. కారం నసాళానికంటి హాజరా ముక్కూ కళ్ళూ తుడుచుకుంటుంటే "ఇంకో ముద్ద తినవే, అదే సర్దుకుంటుంది" అని నవ్వేది ముసలావిడ.

ఆవిడ పోయిన రోజున ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు అన్నం తేవాలన్నది హాజరావాళ్ళ ఆచారం. కొత్త గిన్నె కొని, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా కిచిడీ వండి, ఆ డబ్బా నిండా పెట్టుకుని, అందరూ దహనం నుంచి వచ్చే వేళకి పైకి తెచ్చింది. హాల్లో కేశవరావు బాబాయి అనంతరామయ్యగారు కూర్చుని శాస్త్రం చెబుతున్నారు. బయటి కూడు ముట్టకూడదు. పదకొండు రోజులూ ఈ ఇంట్లోంచి గింజ కూడా ఇంకో ఇంటికి పోకూడదు. మైలలో ఉన్నవాళ్ళు ఎవరి గడపా ఎక్కకూడదు.

శ్యామలాదేవి డబ్బా అందుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తలుపు చాటున నిలబడి ఆ కిచిడీ అంతా తినేసింది. "దాన్నేం చేశావమ్మా?" అని బాబాయిగారు కేకేస్తే "పారేశానండీ" అంది. మర్నాడు డబ్బా తోమి భర్తకిచ్చింది. కేశవరావు శాస్త్రం తప్పని మనిషి. అందులో ఏమీ వెయ్యలేదు, హాజరా గడప ఎక్కలేదు, మైల మనిషి పిలిస్తే వాళ్ళకెక్కడ చిక్కో అని బెల్లు కూడా కొట్టలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాళ్ళ ఇనప గేటుకి తగిలించి చక్కా వచ్చాడు. చాలా మర్యాదగా చేశాననే అనుకున్నాడు పాపం!

హాజరా తలుపు తీసేసరికి గేటుకి ఖాళీ డబ్బా వేలాడుతోంది.

ఆ తర్వాత ఆమె పైకి రాలేదు. మైల తీరాక వస్తుందని శ్యామలాదేవి ఎదురుచూసింది. ఖాళీ డబ్బా పంపినవాళ్ళే వచ్చి మాట చెప్పాలని హాజరా కూర్చుంది. చిలికి చిలికి గాలివాన అయింది. ఈలోగా కూతురు మహతికి దగ్గరగా ఉంటుందని కేశవరావువాళ్ళు సెంగ్‌కాంగ్ మారిపోయారు. కోపం ఎందుకో ఖాదిర్ నోట తెలిశాక కూడా, ఆడవాళ్ళ గొడవలో మనమెందుకని కేశవరావు మైల మాట ఎత్తలేదు, శ్యామలాదేవి కదల్లేదు. పాతికేళ్ళు కలిసి మెలిగి మైల సంగతి తెలియదా అని కినుక ఒకటి. వెళ్తే కిచిడీ తిన్న సంగతి చెప్పాలి, చెబితే బాబాయిగారితో ఆడిన అబద్ధం మొగుడికి తెలుస్తుంది, అదొకటి. ఈ రెండిటి మధ్యా హాజరా దూరమైపోయింది. అత్తగారు పోయిన దుఃఖం ఏడాదికి తగ్గింది గానీ, ఈ దుఃఖం తగ్గలేదు. కొత్త ఫ్లాటులో పులిహోర కలిపిన ప్రతిసారీ ఒక డబ్బాకి సరిపడా మిగిలిపోయేది.

రైలు కదిలింది. కొండలు వెనక్కి పోయి, గడ్డి మైదానాలు వచ్చి, ఆ గడ్డి కూడా పలచబడి కంకర నేలయింది. పెట్టెలో పని చేసే అమ్మాయి గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి వెళ్ళింది. శ్యామలాదేవి కోరుకున్నట్టే మధ్యలో ఆకలేసింది. పులిహోర పొట్లం విప్పింది. అంతలో హాజరా సంచిలోంచి ఆ డబ్బా తీసింది.

మూత మీద అదే పేరు. లోపల నాన్‌ఖటాయీ బిస్కట్లు. హాజరా ముందు కేశవరావుకి చాపింది, తర్వాత ఈవిడ వైపు. "తీసుకోండి."

శ్యామలాదేవి ఒకటి తీసుకుంది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. ఎలా చేశావే అని నోటి దాకా వచ్చింది. "బాగున్నాయండీ" అని మాత్రం అంది. సాయంత్రం సైన్‌షాండ్ అనే ఊళ్ళో దిగే వరకూ మగవాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. కేశవరావు అశోకుడి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఖాదిర్ స్నేహధర్మం కొద్దీ అంతా విన్నాడు.

మర్నాడు వ్యానులో ఎడారిలోకి తీసుకెళ్ళారు. కనుచూపు మేర ఇల్లన్నది లేదు. ఉన్నట్టుండి ఒక గుండ్రటి తెల్ల గుడారం, దాని ముందు రెండు మూపుల ఒంటెలు. గడప తొక్కకుండా దాటి లోపలికి రండి అని గైడు బోలోర్ ఇంగ్లీషులో హెచ్చరించింది.

"గడప తొక్కకూడదని మాకు నువ్వు చెప్పాలా తల్లీ" అని శ్యామలాదేవి మురిసిపోయింది.

ఇంటావిడ పేరు దుల్మా. ఎండకీ చలికీ కమిలి ఎర్రబడ్డ బుగ్గలు. పాల టీ గిన్నెల్లో పోసి, కుడి మోచేతికి ఎడమ చెయ్యి ఆనించి ఒక్కొక్కరికీ అందించింది. ఆ టీలో పంచదార లేదు, ఉప్పుంది. కేశవరావు మొహం చూసి తీరాల్సిందే. హాజరా మాత్రం మారు అడిగి తాగింది. తల్లి లేని మేకపిల్లకి సీసాతో పాలు పడుతున్నారని తెలిసి శ్యామలాదేవి టీ గిన్నె దించి లేచిపోయింది. అది మూతి తిప్పుకుంటుంటే, బడిలో పిల్లలతో అన్నట్టే "ఒక్క గుక్క, ఒక్కటే" అని తెనాలి యాసలో బతిమాలి సీసా ఖాళీ చేయించింది. దుల్మా పొట్ట పట్టుకుని నవ్వింది.

హాజరా కూడా నవ్వింది. నవ్వి, శ్యామలాదేవి చూడగానే ఆపేసింది.

మిగిలిన నాన్‌ఖటాయీలు డబ్బాతో సహా హాజరా దుల్మా చేతిలో పెట్టింది. బయల్దేరే వేళకి దుల్మా లేదు, ఒంటెలకి నీళ్ళు పెట్టడానికి బావి దగ్గరికి వెళ్ళింది. ఆమె మొగుడు డబ్బా శుభ్రంగా తుడిచి, రెండు చేతులా పట్టుకుని నవ్వుతూ తెచ్చిచ్చాడు. హాజరా మూత తీసి చూసింది. ఖాళీ. మూత పెట్టేసి వ్యానెక్కింది. ఖాదిర్ కేశవరావు వైపు చూశాడు. కేశవరావు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

వ్యాను కొంత దూరం పోయాక వెనక దుమ్ము లేచింది. ఎవరో మోటారు సైకిలు మీద తరుముకొస్తున్నారు. ఎవరి ఫోనో మరిచిపోయి ఉంటారని అందరూ జేబులు తడుముకున్నారు. వచ్చింది దుల్మా. బండి దిగి, రొప్పుతూ, తిన్నగా హాజరా దగ్గరికి వచ్చి డబ్బా ఇమ్మని చెయ్యి చాపింది. ఒళ్ళో కట్టుకున్న గుడ్డ మూట విప్పి, ఎండబెట్టిన పెరుగు ముక్కలు డబ్బా నిండా పోసి, మూత బిగించి ఇచ్చింది. ఏదో గబగబా చెప్పింది.

బోలోర్ నవ్వుతూ తర్జుమా చేసింది. "ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, అది మా పద్ధతి. మా ఆయనకి ఆ ధ్యాస లేదు, మగవాడు కదా, మనసులో పెట్టుకోకండి అంటోంది."

వ్యానంతా నవ్వింది, ఇద్దరు తప్ప. దుల్మా బండి వెనక్కి తిరిగాక హాజరా కిటికీలోకి చూస్తూ అంది. "ఎడారిల ఉండే మనిషి బండేసుకొని ఎంటబడి వచ్చింది. కొందరికి ఒక్క అంతస్తు దిగి రానీకె కాలేదు."

ఆ నలుగురికి తప్ప వ్యానులో ఎవరికీ అర్థం కాలేదు. రెండేళ్ళలో హాజరా తనని ఉద్దేశించి అన్న మొదటి నిజమైన మాట అది. ఆ "బాగున్నారా" కన్నా వెయ్యి రెట్లు నయం.

ఖమర్ ఆరామం దగ్గర్లో ఎర్రటి బయలొకటి ఉంది. చుట్టూ తెల్లటి చిన్న స్తూపాలు దడి కట్టినట్టుంటాయి. ఆ నేల మీద వెల్లకిలా పడుకుంటే భూమిలోని శక్తి ఒంట్లోకి వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. మనవాళ్ళు ఊరికే వచ్చేదాన్ని ఎప్పుడైనా వదులుకున్నారా? టోపీలు మొహాల మీద పెట్టుకుని బారుగా పడుకున్నారు. శ్యామలాదేవి చివరి దాకా నిలబడి, హాజరా ఎక్కడ పడుకుందో చూసి, వెళ్ళి పక్కనే పడుకుంది. హాజరా జరగలేదు. నేల వెచ్చగా ఉంది.

"హాజరా, ఆ కిచిడీ పారెయ్యలేదే" అంది ఆకాశంలోకి చూస్తూ.

హాజరా చున్నీ మొహం మీదికి లాక్కుంది.

"తిన్నాను. వంటింట్లో తలుపు చాటున నుంచుని, మొత్తం నేనే తినేశాను."

"ఇప్పుడెందుకండీ అవన్నీ. నా మనసు ఖుష్ చేయనీకె ఏం చెప్పకుండ్రి."

"నువ్వు అందులో ఉప్పు వెయ్యడం మర్చిపోయావు."

హాజరా లేచి కూర్చుంది. తల మీద చున్నీ జారిపోయినా చూసుకోలేదు. అటు పక్క నుంచి కేశవరావు టోపీ తీసి "పారేశానన్నావుగా?" అన్నాడు.

"బాబాయిగారు వింటుంటే ఇంకేమనమంటారు? మీరు పడుకోండి, శక్తి పోతుంది" అంది శ్యామలాదేవి.

హాజరా ఈవిడ భుజం పట్టుకుంది. "నువ్వు నిజంగనే తిన్నవ్. ఉప్పు సంగతి తిన్నోళ్ళకు తప్ప తెల్వదు. మీ ఇంట్ల ఇచ్చి వచ్చినంక మిగిలింది మా ఆయనకు పెట్టిన. ఉప్పే లేదన్నడు. అమ్మ పోయిన ఇంటికి సప్పిడి బువ్వ తీస్కపోయినని ఎంత ఏడ్చిన్నో. తెల్లారి చూస్తే గేటుకు ఖాళీ డబ్బా. తినలేక పారేసి, మళ్ళ రావద్దని చెప్తున్నరు అనుకున్న."

"మైలే పిచ్చిమొహమా! ఆ పదకొండు రోజులూ మా ఇంట్లోంచి గింజ బయటికి పోకూడదు. నీకు తెలుసనుకున్నాను."

"నాకెట్ల తెలుస్తది? అంతకుముందు మీ ఇంట్ల ఎవరు చచ్చిన్రు?"

నిజమే, పాతికేళ్ళలో ఆ ఇంట్లో పెళ్ళి చూసింది, పురుళ్ళు చూసింది, నోములు చూసింది హాజరా. చావు చూడలేదు. తెలియని మనిషికి తెలిసుండాలని కూర్చుని రెండేళ్ళు పోగొట్టుకుంది తను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఆ బయల్లో కూర్చుని ఏడుస్తూ నవ్వుతుంటే, మంగోలియా ముసలమ్మ ఒకావిడ ఆగి చూసి, భూమి శక్తి బాగానే ఎక్కిందనుకుందో ఏమో, దణ్ణం పెట్టి వెళ్ళింది.

"మరి ఉప్పు లేకుంట ఎట్ల తిన్నవే?" అని అడిగింది హాజరా కళ్ళు తుడుచుకుంటూ.

"అత్తయ్య ఆవకాయ నంజుకున్నాను. ఆవిడ పెట్టిన ఆఖరి జాడీ."

హాజరా జారిన చున్నీ సర్దుకుంది. "ఇంకా ఉన్నదా అది?"

"అడుగున నాలుగు బద్దలున్నాయి. తియ్యబుద్ధి కాలేదు."

తిరుగు రైల్లో ఆడవాళ్ళిద్దరూ ఒక బెర్తు మీద చేరారు. మగవాళ్ళకి మాట్లాడే సందు దొరకలేదు. ఉలాన్‌బాటర్‌లో దిగబోతుండగా హాజరా ఆ పెరుగు ముక్కల డబ్బా శ్యామలాదేవి ఒళ్ళో పెట్టింది. "పట్టు. ఇగ నీ వంతు."

సింగపూర్ వచ్చాక గురువారం నాడు కేశవరావు చొక్కా వేసుకుని బయల్దేరుతూ, ఎలాగూ ఖాదిర్‌ని కలుస్తాను, డబ్బా నేనిచ్చేస్తాను అన్నాడు.

"దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను" అంది శ్యామలాదేవి.

గానుగెద్దు రైలెక్కి, పెద్ద రైలెక్కి, ఇంకో రైలు మారి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని చోవా చూ కాంగ్ చేరింది. అంత దూరం రైల్లో కూర్చున్నా ఆ రోజు ఆవిడకి కునుకు పట్టలేదు. పాత బ్లాకు, పాత మెట్లు. హాజరావాళ్ళ గేటు బార్లా తీసే ఉంది. అయినా ఆగి బెల్లు కొట్టింది, ఒకసారి కాదు, రెండుసార్లు.

"తలుపు తీసే ఉన్నది కదనే, రా" అని లోపల్నుంచి కేక. వంటింట్లోంచి కిచిడీ వాసన వస్తోంది. హాజరా చేతులు తుడుచుకుంటూ వచ్చి, డబ్బా అందుకుని, మూత తీసింది. నూనెలో తేలుతూ నాలుగు బద్దలు. వాసన చూసి కళ్ళు మూసుకుంది.

"ఈసారైనా ఉప్పు వేశావా?" అంది శ్యామలాదేవి చెప్పులు విప్పుతూ.

"వెయ్యలే" అంది హాజరా. "నువ్వు ఇదే తెస్తవని తెలుసు."